గొళ్లెం లేని గేటు

మా ఇంట్లో రేకుపెట్టెకు ఎప్పుడూ ఒక ఎర్ర తాళం వేసి ఉంటుంది. పెట్టెలో దొంగలు ఆశపడేంత సొమ్మేమీ లేదు. రెండు పట్టు చీరలు, బిడ్డ టీకాల కార్డు, మా ఆయన పాస్‌పోర్టు, అంతే. అయినా ఆ తాళాన్ని ఎవరికీ ఇవ్వను. కోరుట్ల మిల్లు సేటు అడిగి పంపించినప్పుడు కూడా ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో చెప్పాలంటే ముందు గింజల సంగతి చెప్పాలి.

మా ఆయన పోయి ఇన్నేళ్లయినా, మా వైపు ఎవరైనా ఆయన మాట ఎత్తితే "పాపం, మంచోడే. గని సూసుకోకపాయె" అంటారు. ఆ 'సూసుకోకపాయె' వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ప్రాణం ఎలాగూ పోయింది. తప్పును కూడా ఆయన మీదే రుద్ది చేతులు దులుపుకుందామని చూశారు. నేను కొట్లాడింది ఆ ఒక్కదాని గురించే.

మాది తాళ్లెక్కే కులం, అంటే తాడిచెట్లెక్కి కల్లు గీసేవాళ్లం. మా నాన్న మాత్రం ముందే తాళ్లు వదిలేసి, సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనికి కుదిరాడు. ఆ చప్పుడులో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి నా గొంతు పెద్దది. పెళ్లయి కొడిమ్యాల దగ్గరున్న అత్తగారి ఊరికి వచ్చిన కొత్తలో మా అత్త "మెల్లగ మాట్లాడు పిల్లా, ఈడ సాంచాలు లేవు" అనేది. మా ఆయన నవ్వేవాడు. ఆయన గొంతు చిన్నది. చెట్టు మీద నుంచి పిలిచినా కింద నాకు సరిగ్గా వినపడేది కాదు.

ఆయన తాడిచెట్టు ఎక్కుతుంటే చూడాలి. నడుము చుట్టూ, చెట్టు చుట్టూ కలిపి మోకు వేసుకునేవాడు. మోకంటే తాళ్లెక్కేవాళ్ల తాడు. దాని మీద బరువంతా ఆనించి వెనక్కి వాలి, తాడును కొంచెం వదులు చేసి పైకి జరుపుకుని, మళ్లీ వాలి, మళ్లీ జరుపుకుని పోయేవాడు. ఆ వదులు లేకపోతే ఎక్కడమే కుదరదు. చిన్నప్పటి నుంచి చేతికి అలవాటైన పని అది. ఈ వదులు సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

వరసగా వానలు లేక చెట్లు వట్టిపోయాయి. ఉన్న నాలుగు చెట్ల కల్లు తాగడానికి కూడా మనుషులు లేరు, అందరూ సీసాలకు మళ్లారు. మా వాడలో మగవాళ్లంతా ఒకరి వెనుక ఒకరు దుబాయి పోయారు. మా వైపు ఏ ఎడారి దేశమైనా దుబాయే. మా ఆయన పోయింది వేరే దేశం. అక్కడ ఓడరేవు పక్కన గోధుమలు నిలవ చేసే సైలోలు ఉన్నాయి, తాడిచెట్టు కంటే పొడుగైన గుండ్రటి గోపురాలు. పైనుంచి గోధుమలు పోస్తారు, కింద గేటు తెరిచి తీసుకుంటారు. లోపల గింజ ఆగిపోతే దిగి కదిలించడం ఆయన పని.

నాకది అర్థం కాలేదు. మా అత్త ఇంట్లో వడ్లు పోసుకునే గుమ్మి ఉండేది. వెదురుతో అల్లి, పేడతో అలికిన పెద్ద బుట్ట లాంటిది. కింద బొక్కకు గుడ్డపేలిక కుక్కేవాళ్లం. పేలిక పీకితే వడ్లు జరజరా రాలేవి. ఫోనులో అదే అడిగాను.

"గింజ ఆగుడేందయ్యా? పేలిక పీకితె రాదా?"

"గింజ నీళ్ల లెక్క కాదే. నీళ్లయితే పైన ఎంత నిండుగుంటె కింద గంత జోరుగ ఉరుకుతయి. గింజకు గా లెక్కే లేదు. నిండుగున్నా, సగమే ఉన్నా గదే తీరుగ రాలుతది. ఒక్కోపారి రాలుడే బందైతది."

"ఎందుకు?"

"జగిత్యాల బస్టాండ్ల బస్సు తలుపు కాడ సూడలేదా? అందరు ఒక్కపారే తోసుకుంటె ఏమైతది? ముందటోడు ఎక్కలేడు, ఎనకటోడు ఆగడు. గింజలు గూడ గంతే. బొక్క మీద భుజం భుజం ఆనిచ్చుకొని కప్పు కడుతయి. కప్పు కింద అంత ఖాళీ. మీదికెల్లి సూస్తె మాత్రం గట్టిగ నేల లెక్కనే కొడుతది."

ఆ నేల మీద నిలబడి గునపంతో పొడిచేవాళ్లన్నమాట. విరిగితే ఏం గతి అని అడిగాను. ఆయనే సముదాయించాడు. లోపలికి దిగే మనిషి ముందు కింద గేటు మూయించి, దానికి తన తాళం తనే వేసుకుని, చెవి తన దగ్గరే పెట్టుకుని దిగాలట. ఒక్కొక్కరికి ఒక్కొక్క తాళం, దాని మీద ఆ మనిషి ఫొటో. అతను పైకొచ్చి తీసేదాకా మేనేజరు కూడా దాన్ని ముట్టుకోకూడదు. నడుముకు కట్టిన తాడును పైన ఇంకో మనిషి బిగించి పట్టుకుంటాడు, వదులు అనేదే ఉండదు. పాస్‌పోర్టు గుంజుకున్నారు, కాళ్లు చాపుకునే చోటు లేని గదిలో పడుకోబెట్టారు, ఎండకు ముక్కుల్లోంచి రక్తం కారినా సెలవివ్వలేదు. మనుషుల్ని మనుషుల్లా చూడని ఆ చోట, ప్రాణానికి మాత్రం ఒక తాళం ఇచ్చారు.

పని అయిపోయిందని కంపెనీ పంపించేస్తే తిరిగొచ్చాడు. అందరూ సబ్బులు, సెంట్లు, దుప్పట్లు తెచ్చుకున్నట్టే ఆయనా తెచ్చాడు. వాటి నడుమ చీరలో చుట్టి ఈ ఎర్ర తాళం.

"మందికి మొగుళ్లు బంగారం తెస్తరు. నువ్వేమొ తాళం తెచ్చినవు. ఏం దాసుకుందామని?" అన్నాను.

"నన్ను దాసిందే గిది" అన్నాడు. రేకుపెట్టెకు వేసి, చెవిని మొలతాడుకు కట్టుకున్నాడు.

మళ్లీ తాళ్లెక్కుదామంటే తాళ్లు లేవు. కోరుట్లలో ఒక బాయిల్డ్ రైస్‌మిల్లులో ఇద్దరికీ పని దొరికింది. మిల్లు వెనుక రేకుల గదిలో ఉన్నాం. మాలాంటి వాళ్లు దుబాయి పోతే ఇక్కడి మూటలు మోయడానికి బీహారు నుంచి వచ్చిన పిల్లలు పక్క గదుల్లో ఉండేవారు. నేను కింద, వడ్లను మోసుకుపోయే బెల్టు పక్కన నిలబడి వడ్లలో వచ్చే గడ్డి ఏరేదాన్ని, తౌడు బస్తాలు కుట్టేదాన్ని. మా ఆయన బిన్నుల మీద. బిన్నంటే వడ్లు పోసే ఇనుప సైలోనే, కాకపోతే ఓడరేవులో ఉన్నంత పొడుగు కాదు. సేటు మా మామ పోసిన కల్లు తాగి పెరిగినవాడు. మా ఆయన్ని తమ్మీ అనేవాడు, నన్ను చెల్లే అనేవాడు. మనోళ్ల దగ్గరికి వచ్చి పడ్డామని ఎంత సంబరపడ్డామో.

యాసంగి వడ్లు, అంటే ఎండాకాలం పంట, వచ్చే రోజుల్లోనే మా దగ్గర చెడగొట్టు వానలు పడతాయి. రోడ్ల మీద, కొనుగోలు కేంద్రాల దగ్గర కుప్పలు పోసిన వడ్లు తడుస్తాయి. తేమ ఉందని, తాలు ఉందని రైతు దగ్గర తరుగు తీస్తారు. తీసి, ఆ తడి వడ్లనే తాలుతో సహా, గడ్డిపోచలతో సహా తెచ్చి బిన్నులో పోస్తారు. పొడి గింజే అప్పుడప్పుడు ఆగుతుందంటే ఇక తడి గింజ సంగతి చెప్పాలా? పొద్దున నడిస్తే మధ్యాహ్నానికి కప్పు కట్టేది.

ఆ మిల్లులో ఒక పద్ధతి ఉండేది. కింద గేటు తెరిచి, బెల్టు నడుస్తుండగానే పైన మనిషి దిగి పొడవాలి. గేటు మూసి పొడిస్తే కప్పు విరిగిందో లేదో తెలియదు. తెరిచి ఉంటే వెంటనే వడ్లు పడతాయి, ఎవరినీ అడగనక్కర్లేదు. ఆ చుట్టుపక్కల అందరూ అలాగే చేస్తారని సేటు అనేవాడు. మా ఆయన మొదటి రోజే అది చూశాడు. వెళ్లి అడిగాడు.

"సేటూ, గేటుకొక గొళ్లెం అతికిపియ్యుండ్రి. తాళం నా దగ్గరనే ఉన్నది. నేను లోపలున్నంతసేపు ఏసుకుంట."

"తాళమేస్తె వడ్లు కదిలినయా లేదా ఎట్ల ఎరుకైతది తమ్మీ? నువ్వు దిగుడు, మీదికెక్కుడు, తాళం తీసుడు, మల్ల దిగుడు. గింతట్ల లారీ ఖాళీ పోతది. అయినా మోకు పట్టినోనివి, నీకు తాళమెందుకు? తాటిచెట్టు మీదికెల్లి పడనోడు వడ్ల మీద పడుతడా?"

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. నాకు ఇప్పటికీ కడుపు మండేది ఆ నవ్వుకే. తిడితే ఎదురు తిరిగేవాడేమో. పొగిడేసరికి నోరు పడిపోయింది. ఊళ్లో అటక మీద పడి ఉన్న మోకును తెప్పించుకుని దాంతోనే దిగడం మొదలుపెట్టాడు. గొళ్లెం సంగతి తర్వాత కూడా అడుగుతూనే ఉన్నాడు. వెల్డింగు మిషను మిల్లులోనే ఉంది, వెల్డరు కూడా మిల్లులోనే ఉన్నాడు. సేటు ఎప్పుడడిగినా "రేపు" అనేవాడు. ఆ రేపు రాలేదు.

ఇప్పుడు ఆ వదులు సంగతి. మా ఆయన తప్పే చేయలేదని నేను అనను. చేశాడు. అది తాళ్లెక్కినవాడు మాత్రమే చేసే తప్పు. దుబాయిలో తాడు ఇంకొకరి చేతిలో ఉండేది, బిగువు వాళ్లు చూసుకునేవాళ్లు. ఇక్కడ పైన పట్టుకోవడానికి మనిషిని ఇవ్వలేదు. మోకును నిచ్చెన కడ్డీకి కట్టుకునేవాడు, కట్టేటప్పుడు అలవాటుగా వదులు ఉంచేవాడు. చెట్టు మీద ఆ వదులే మనిషిని కదలనిస్తుంది. బిన్నులో ఆ వదులు ఉన్నంత మేరా గింజ మనిషిని లోపలికి తీసుకుంటుంది. చెబితే ఆయనకు తెలియని విషయం కాదు. కానీ మోకు చేతికి రాగానే చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి.

ఆ రోజు పట్టపగలే. పొద్దుటి నుంచి వడ్లు ఆగిపోయి ఉన్నాయి. లారీ వాకిట్లో నిలబడి ఉంది. సేటు బెల్టు పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుని "ఇంకెంతసేపు తమ్మీ" అని పైకి కేకేస్తున్నాడు. గేటు తెరిచే ఉంది. బెల్టు ఖాళీగా తిరుగుతోంది. నేను బెల్టు దగ్గరే ఉన్నాను. పైన గునపం చప్పుడు వినిపిస్తోంది.

ఉన్నట్టుండి వడ్లు పడ్డాయి. ధారగా, దుమ్ము లేపుతూ పడ్డాయి. "పడ్డయి! పడ్డయి!" అని అందరం అరిచాం. నేనూ అరిచాను. సేటు చప్పట్లు కొట్టాడు. బీహారు పిల్లలు ఈలలు వేశారు. నా మొగుడి పనికి అంతమంది మెచ్చుకుంటున్నారని నాకు గర్వం కూడా కలిగింది. ఆ గర్వాన్ని ఇప్పుడు తలుచుకుంటే నా ఒళ్లు నాకే కంపరంగా ఉంటుంది.

కప్పు విరిగాక ఆయన ఎప్పుడూ పైనుంచి "నడిచింది" అని ఒక మాట అనేవాడు. ఆ మాట రాలేదు. గొంతు చిన్నది కదా, వినపడలేదేమో అనుకున్నాను. తర్వాత వడ్లతో పాటు ఆయన తలకు కట్టుకునే తువ్వాల బెల్టు మీద పడి నా ముందు నుంచి పోయింది.

నేను అరిచిన అరుపుకు గేటు మూశారు. పైకెక్కి చూస్తే మోకు కడ్డీ నుంచి నిటారుగా వడ్లలోకి దిగి ఉంది. వదులు ఏమాత్రం మిగల్లేదు. మనిషి కనపడలేదు. అందరూ కలిసి మోకు గుంజారు, రాలేదు. గింజ పట్టిన మనిషిని గుంజితే రాడని, గింజనే తీసేయాలని ఆయనే నాకు ఫోనులో చెప్పి ఉన్నాడు. గేటు తెరిస్తే ఇంకా కిందికి పోతాడు. బిన్ను గోడ కోసి వడ్లను పక్కకు కార్చాలి. "కొయ్యుండ్రి! బిన్ను కొయ్యుండ్రి!" అని మొత్తుకున్నాను.

"ఆగు చెల్లే, ఇంకొక్కపారి గుంజి సూడనియ్యి. బిన్ను కోస్తె మిల్లే బందైతది" అన్నాడు సేటు.

నిజంగానే అన్నాడు, నేను అబద్ధం చెప్పడం లేదు. ఆ మాట పూర్తయ్యేలోపే వెల్డరు ఎవరినీ అడగకుండా గ్యాస్ కట్టరు తెచ్చి ఇనుము కోయడం మొదలుపెట్టాడు. గొళ్లెం అతకడానికి తీరిక దొరకని చేతులే. వడ్లు నాలుగు పక్కలా కారిపోయాయి. మా ఆయన బయటికొచ్చాడు. నోటి నిండా, ముక్కు నిండా వడ్లు. జగిత్యాల దవాఖానాకు తీసుకుపోయాం. అక్కడ చూసి, ప్రాణం ముందే పోయిందన్నారు. ఒంటి మీది గుడ్డలతో పాటు తెంపిన మొలతాడు నా చేతిలో పెట్టారు. దానికి తాళంచెవి వేలాడుతోంది.

దినాలైనాక బిడ్డను తీసుకుని సిరిసిల్లలో అమ్మ దగ్గరికి పోయాను. ఆ రేకుపెట్టెను కూడా తాళంతో పాటే తీసుకుపోయాను. అక్కడికి మా కులపెద్ద ఒకాయన వచ్చాడు. చాయ్ తాగి, పోయినవాడి మంచితనం చెప్పి, గొంతు తగ్గించాడు.

"బిడ్డా, ఆ ఎర్ర తాళం జర సేటుకియ్యి. గేటుకు గొళ్లెం గూడ పెట్టిపిచ్చిండు. జిల్లా నుంచి పెద్ద సారొస్తుండు. తాళమైతె ఉండె, ఈయననే ఏసుకోకపాయె అని చెప్తరు. గంతే. కేసు గీసు లేకుంట పోతది. నీ బిడ్డ సదువు మొత్తం సేటు సూసుకుంట అన్నడు."

మా అమ్మ నా వైపు చూసింది. "పోయినోడు మల్ల రాడు గదనే. ఉన్నదాని సంగతి సూడు" అంది.

అబద్ధం ఎందుకు? ఒక్క క్షణం నా చేయి పెట్టె మీదికి పోయింది. తండ్రి లేని పిల్ల, నాకు పని లేదు, అమ్మ ఇంట్లో ఎన్నాళ్లుంటాను? తాళం పట్టుకున్నాను. దాని మీద ఆయన ఫొటో. దుబాయి ఎండకు నల్లబడి, నవ్వకుండా బిగుసుకుని చూస్తున్నాడు. ఆయన మొహం ఉన్న తాళంతోనే ఆయన్ని దోషిని చేస్తారట! బతికుండగా గొళ్లెం అతకడానికి రేపు రేపన్నవాడు, చచ్చాక ఇంత తొందరగా ఎలా అతికించాడు?

"అడిగినప్పుడు పెట్టకపాయె. ఇప్పుడెవలి కోసం పెట్టిండు?" అన్నాను. సాంచాల గొంతు కదా, వాడకంతా వినపడింది. కులపెద్ద చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

అధికారి వచ్చే రోజు నేనూ కోరుట్ల పోయాను. రమ్మని ఎవరూ పిలవలేదు. కోసిన చోట బిన్నుకు కొత్త రేకు అతికించారు. కింద గేటుకు కొత్త గొళ్లెం, దానికి ఒక ఎర్ర తాళం. నేనివ్వకపోతే బజారులో దొరకవా? అధికారి చూస్తున్నాడు, సేటు చెబుతున్నాడు.

"తాళమున్నది సార్. దుబాయి నుంచి అతనే తెచ్చుకున్నడు. చెవి గూడ అతని మొలతాడుకే ఉంటుండె. ఆ రోజు ఎందుకో ఏసుకోలేదు. పాపం, సూసుకోకపాయె."

పక్కన నిలబడ్డ బీహారు పిల్లలు నేల చూపులు చూస్తున్నారు. వెల్డరు అక్కడ లేడు. నేను కొంగు ముడి విప్పి చెవి తీశాను.

"సార్, మొలతాడుకున్న చెవి ఇదే. దవాఖానోళ్లు నా చేతికిచ్చిండ్రు. ఈ తాళం మా ఆయనదే అయితే ఈ చెవికి రావాలె" అని పోయి తాళంలో పెట్టాను.

చెవి సగం కూడా దిగలేదు. తిప్పి చూశాను, వంచి చూశాను. అధికారి వచ్చి ఆయనా తిప్పి చూశాడు. సేటు "కొత్తది గద సార్, జర గట్టిగుంటది" అన్నాడు. దుబాయి నుంచి తెచ్చింది కొత్తదెలా అయిందో అక్కడున్న ఎవరూ అడగలేదు.

"మరి ఈ చెవి దేనిదమ్మా?" అన్నాడు అధికారి.

"మా ఇంట్ల రేకుపెట్టెది సార్. ఆయన తాళం ఆడనే ఉన్నది. ఈడ ఏసుకుంటందుకు గొళ్లెం లేకుండె."

చెవి బయటికి లాగి చూస్తే నా వేళ్ల నిండా రంగు అంటి ఉంది. గొళ్లేనికి వేసిన రంగు ఇంకా ఆరలేదు. చేయి చాపి చూపించాను. అధికారి నా వేళ్లు చూశాడు, సేటును చూశాడు, మంచినీళ్లు అడిగాడు.

చివరికి మా ఆయన నిర్లక్ష్యమని రాయలేదు. సేటు తప్పనీ రాయలేదు. ప్రమాదం అని రాశారు. నా కొట్లాటకు దక్కింది అంతే. బిడ్డ చదువు సేటు చూసుకోలేదు, గురుకులంలో సీటొచ్చి చదువుకుంటోంది. నేను తంగళ్ళపల్లి వైపు ఒక అంగన్‌వాడీలో పనికి కుదిరాను. పిల్లలకు అన్నం పెట్టేటప్పుడు బియ్యంలో ఒక్క వడ్ల గింజ కనపడినా చేయి ఆగిపోతుంది.

మొన్న జగిత్యాల బస్టాండులో ఆ వెల్డరు కలిశాడు. నన్ను చూసి మొహం తిప్పుకోబోయి, మళ్లీ తనే వచ్చాడు. ఆ బిన్ను ఇంకా నడుస్తోందట. ఇప్పుడు గేటుకు తాళం వేయకుండా ఎవరినీ లోపలికి దింపడం లేదట. అలాగని లారీలేమీ ఖాళీగా పోవడం లేదట.

"గొళ్లెం అతుకుటానికి ఎంతసేపు పట్టిందన్నా?" అని అడిగాను.

తల దించుకున్నాడు. "చాయ్ తాగినంతసేపు, చెల్లే" అన్నాడు.